సోమవారం సంకల్పం

గంటకొకసారి చేయవలసినవి ఇవి.

పేరు పెట్టి పిలవాలి. కళ్లు వాటంతట అవే తెరుచుకున్నాయా, పిలిస్తే తెరుచుకున్నాయా, నొప్పి కలిగిస్తేనే తెరుచుకున్నాయా చూడాలి. నీ పేరేమిటి, ఇది ఏ ఊరు, ఈ రోజు ఏ వారం అని అడగాలి. నా వేళ్లు పట్టుకుని నొక్కమనాలి, కుడిచేత్తో ఒకసారి, ఎడమచేత్తో ఒకసారి. రెప్ప ఎత్తి టార్చి వేసి, రెండు కనుపాపలూ ఒకే సైజులో ఉన్నాయా, వెలుగుకు ముడుచుకుంటున్నాయా చూడాలి. నాడి నిమిషం నిండా లెక్కపెట్టాలి. పావు నిమిషం చూసి నాలుగుతో హెచ్చవేయకూడదు. బీపీ పై అంకె, కింద అంకె రెండూ రాయాలి. ఊపిరి ఎన్నిసార్లన్నదే కాదు, ఎలా ఉందన్నదీ రాయాలి. పడక తలవైపు ఎత్తుగా ఉందా, మెడ పక్కకు వాలకుండా ఉందా చూడాలి.

చూసింది చూసినట్టు, చూసినప్పుడే రాయాలి.

ఈ పనులన్నీ ఎవరికోసమో, ఈ వారమే చదవడం మొదలుపెట్టిన వారికి నాలుగు మాటల్లో చెబుతాను. మూడో కార్తీక సోమవారం నాడు, జమ్మలమడుగు శివాలయం అర్చకుడు రామకృష్ణయ్య అభిషేకానికి సంకల్పం చెబుతూనే చెంబు అందుకోబోయి, తడిసిన రాతిమెట్టు మీద జారి వెల్లకిలా పడ్డాడు. తల వెనక కుడివైపు దెబ్బ తగిలింది. అరవై ఎనిమిదేళ్ల మనిషి. లేచి నవ్వాడు, మిగతా పూజ తమ్ముడి కొడుక్కి అప్పగించి ఇంటికి నడిచి వెళ్లాడు. సాయంత్రం రెండుసార్లు వాంతి అయింది. భార్య శేషమ్మ ఆయనను ప్రొద్దుటూరులో నేను పనిచేసే నర్సింగ్ హోమ్‌కు తీసుకొచ్చింది. స్కాన్‌లో కుడివైపు, పుర్రెకూ మెదడుకూ నడుమ పలచటి రక్తపు పొర కనిపించింది. ఆయన గుండెకు స్టెంట్ ఉంది, రక్తం పలచబడే మాత్ర రెండేళ్లుగా వేసుకుంటున్నాడు. ఆ పొర అంతటితో ఆగుతుందో, పెరుగుతుందో చెప్పలేమని డాక్టరు శివకుమార్ సార్ అన్నారు. పుర్రె సాగే సంచి కాదు. లోపల రక్తం పెరిగితే మెదడుకు చోటు తగ్గుతుంది, ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడిని కొలిచే యంత్రం మా దగ్గర లేదు. పైన రాసిన జాబితా ఉంది, ఒక టార్చి ఉంది, గంటగంటకూ చూసే ఒక నర్సు ఉంది.

పగటి డ్యూటీలో ఆ నర్సును నేను. పేరు రిహానా. మాది చాపాడు దగ్గర పల్లె. మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనొక్కదాన్నే.

పోయిన వారం కథను బుధవారం ఉదయం తొమ్మిదిన్నర దగ్గర ఆపాం. రామకృష్ణయ్య కొడుకు భానుప్రకాష్, పులివెందులలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా, కింద కారు నిలిపి పైకి వచ్చి డిశ్చార్జి కాగితం అడిగాడు.

ఆయన కోపంగా ఏమీ అడగలేదు. ఆ సంగతి చెప్పడం న్యాయం. తండ్రి రెండు రాత్రులు క్షేమంగా గడిపాడు, వాంతులు ఆగాయి, తలనొప్పి అనడం లేదు, కార్తీకం ఇంకా వారం పైన మిగిలి ఉంది, ఇంట్లో పడుకోబెట్టి చూసుకుంటాం అన్నాడు. పైగా చార్టు తీసి నాకే చూపించాడు. అందులో రాత్రి రెండు గంటల నుంచి ఉదయం దాకా ప్రతి గడిలోనూ పదిహేను అని ఉంది. కళ్లకు నాలుగు, మాటకు ఐదు, కదలికకు ఆరు. అన్నీ కలిపి పదిహేను. స్పృహకు అంతకు మించిన మార్కు లేదు.

మీ తండ్రి నాకు జవాబు చెప్పడం లేదని అన్నాను. తొమ్మిది గంటలప్పుడు పేరు అడిగితే కళ్లు మూసుకునే ఏదో మంత్రం మొదలుపెట్టాడని చెప్పాను.

"ఏదో మంత్రం కాదమ్మా, అది సంకల్పం," అన్నాడు భానుప్రకాష్. "పూజకు ముందర మేము యాడ కూచున్నామో, ఏ సంవత్సరమో, ఏ మాసమో, ఏ తిథో, ఏ వారమో అన్నీ చెప్పుకుంటాం. శ్రీశైలానికి ఏ దిక్కున ఉండామో గూడా చెప్తాం. నువ్వు ఏమడుగుతాండావు? ఏ ఊరు, ఏ వారం అని గదా. మా నాయన నువ్వు అడగందే చెప్తాండాడు. నిన్న మీ ల్యాబ్ కాగితం మీద తారీఖు తప్పు పడింది. మా నాయనకు మాత్రం పడలేదు."

పక్క మంచం వాళ్లు నవ్వారు. మా సీనియర్ వనితక్క కూడా కొంచెం నవ్వింది. రాత్రి డ్యూటీ చేసింది ఆమే. పగటికి రావలసిన ఇంకొక సిస్టర్ రాకపోవడంతో ఇంటికి పోకుండా అలాగే ఉండిపోయింది. పద్దెనిమిది మంచాలకు రాత్రి ఆమె ఒక్కతే. తెల్లవార్లూ సామి మంత్రాలు చదువుతూనే ఉన్నాడని, నిద్రలో కూడా డ్యూటీ చేసే మనిషిని ఆయన్నొక్కణ్నే చూశానని ఆమె పొద్దున నాకు డ్యూటీ అప్పజెబుతూ అంది.

ఇక్కడ నా తప్పు కూడా చెప్పాలి. ఎనిమిది గంటల గడిలో పదిహేను అని రాసింది నేను. అప్పుడు కూడా ఆయన కళ్లు మూసుకుని చదువుతున్నాడు. గొంతు స్పష్టంగా ఉంది, ఎక్కడా తడబాటు లేదు. అంత పెద్దాయనను, చదివేది మధ్యలో ఆపి, నీ పేరేమిటి సామీ అని చిన్నపిల్లవాణ్ని అడిగినట్టు అడగడానికి నాకు నోరు రాలేదు. మాటకు ఐదు వేశాను.

తొమ్మిదికి అడిగాను. పేరు రాలేదు, సంకల్పమే వచ్చింది. నాకు సంస్కృతం రాదు. అర్థం తెలియనిదానికి మార్కు ఎలా వేయాలో తోచక, ఆ గడి ఖాళీగా వదిలి, ఆయన అన్న మాటలు విన్నంతవరకు చార్టు వెనక తెలుగులో రాసుకున్నాను. విశ్వావసు, దక్షిణాయనే, కార్తీకమాసే, కృష్ణపక్షే, షష్ఠ్యాం, ఇందువాసరే.

పది అయింది. డిశ్చార్జికి ముందు ఈ ఒక్కసారి చూసుకోనివ్వమని భానుప్రకాష్‌ను అడిగాను. సరేనన్నాడు, చేతి గడియారం చూసుకుంటూ.

నాడి పట్టుకున్నాను. నిమిషానికి యాభై రెండు. సోమవారం రాత్రి వచ్చినప్పుడు ఎనభై నాలుగు. బీపీ నూట ఎనభై నాలుగు మీద డెబ్బై ఆరు. వచ్చినప్పుడు నూట ముప్పై మీద ఎనభై. పై అంకె ఎక్కుతోంది, కింది అంకె దిగుతోంది, నాడి నెమ్మదిస్తోంది. మాకు కాలేజీలో ఈ మూడూ కలిస్తే పరుగెత్తమని చెప్పారు. పుర్రెలో ఒత్తిడిని నెట్టుకుని మెదడుకు రక్తం అందించడానికి గుండె బలమంతా పెడుతున్నదన్నమాట.

వనితక్క రెండు రోజులుగా బీపీ మాత్ర పడలేదు కాబట్టి పెరిగిందని, మాత్ర నీళ్లలో కరిగించి పోద్దామని అంది. భానుప్రకాష్ నాడి సంగతికి నవ్వాడు. నలభై ఏళ్లుగా రోజూ ప్రాణాయామం చేసే మనిషి, నాడి ఎప్పుడూ నెమ్మదే, స్టెంట్ వేసిన డాక్టరు కూడా మెచ్చుకున్నాడు అన్నాడు. ఊపిరి కొన్నిసార్లు ఆగి ఆగి వస్తోందని చెప్పబోయాను. అది కుంభకం అన్నాడు. ఊపిరి బిగబట్టడం ఆయనకు అలవాటట.

దేనికి దానికి ఒక జవాబు ఉంది. ఒక్కొక్కటీ వింటే సబబుగానే ఉంది. నాకు భయం వేసింది అందుకే.

"సామీ," అని పిలిచాను. పలకలేదు. గట్టిగా పిలిచాను. రెప్పలు కదలలేదు. మెడకూ భుజానికీ మధ్య ఉండే కండను బొటనవేలికీ రెండు వేళ్లకూ నడుమ పట్టుకుని పిండాను.

"ఏంది నువ్వు చేస్తాండేది," అన్నాడు భానుప్రకాష్. గొంతు మారింది. "ఆయన్ని గిల్లుతాండావా? మా ఇంట్లో ఆయన ముందర గట్టిగా మాట్లాడేటోళ్లు లేరు. చెయ్యి తియ్యి."

తీయలేదు. చార్టులో ఆ గడి నింపాలంటే చేయవలసింది అదేనని, ఆయన ఎవరైనా ఇదే చేస్తానని చెప్పాను. రామకృష్ణయ్య ముఖం ముడిచాడు. కళ్లు సగం తెరుచుకుని మూతపడ్డాయి. కుడిచెయ్యి పైకి వచ్చి నా వేళ్లను తోసేసింది. ఎడమచెయ్యి దుప్పటి మీద పడేసిన గుడ్డలా అలాగే ఉంది.

మీ పేరేమిటి సామీ అని చెవి దగ్గర అడిగాను. సంకల్పం మొదలైంది. అవే మాటలు, అదే వరస. కుడిచెయ్యి తొడ మీదికి పోయి అక్కడ దేన్నో తడుముతోంది. తడిమి, దొరకక, మళ్లీ తడుముతోంది.

"ఎడమ చెయ్యి కోసరం," అంది శేషమ్మ.

రెండు రాత్రులుగా ఆవిడ అక్కడే ఉంది. మంచం కాళ్లవైపు స్టూలు మీద చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది. సంకల్పం చెప్పేటప్పుడు ఎడమచెయ్యి వెల్లకిలా కుడితొడ మీద పెట్టి, దానిమీద కుడిచెయ్యి మూస్తారని ఆవిడ చెప్పింది. ఎడమచెయ్యి రావడం లేదు, అందుకే వెతుక్కుంటున్నారని చెప్పింది. ఎప్పటినుంచి రావడం లేదని అడిగాను. తెల్లారుజాము నుంచి అంది.

నేను చార్టు తిప్పి వెనక రాసుకున్నది ఆవిడ ముందు పెట్టి, చదివి వినిపించాను. ఇవి ఏ రోజు మాటలమ్మా అని అడిగాను.

శేషమ్మ కొడుకు వైపు చూసింది. తర్వాత భర్త వైపు చూసింది. ఆయన చెప్పేదానిలో తప్పు పట్టడం ఆవిడకు నలభై ఆరేళ్లలో ఎన్నడూ అవసరం పడని పని.

"ఇది సోమవారం సంకల్పం తల్లీ," అంది. "ఇందువాసరే అంటే సోమవారం. షష్ఠి సోమవారంతోనే పాయె. నిన్న సాయంత్రం ఆయన సప్తమి అనే చెప్పినారు, మంగళవారమనే చెప్పినారు, సరిగ్గానే చెప్పినారు. పొద్దున మసీదులో అజా వినపడినప్పుడు లేసి మల్లా చెప్పినారు. అప్పుడు షష్ఠి అన్నారు. ఆడ నుంచి అదే చెప్తాండారు."

"అమ్మా, నాకెందుకు చెప్పలే?" అన్నాడు భానుప్రకాష్.

"సోమవారం సంకల్పం సగంలో పడిపాయె గదప్పా. దాన్ని పూర్తి చేసుకుంటాండారేమో అనుకున్యా. సగంలో నిలిపిన పూజ ఆయనకు నిద్ర పట్టనీదు. నీకు తెలీదా."

గోడకు ఒక ఎరువుల దుకాణం వాళ్ల క్యాలెండర్ ఉంది. ఎవరూ చూడమనకుండానే భానుప్రకాష్ దాని దగ్గరకు పోయి వేలు పెట్టి చూశాడు. బుధవారం, బహుళ అష్టమి. ఆయన ఆ వేలు అక్కడినుంచి తీయకుండా నిలబడ్డాడు. చిన్నప్పటి నుంచి వినే మాటలు కాబట్టి ఆయన వాటిని వినడం మానేశాడని నాకు అర్థమైంది. ధ్వని ఉంది కదా అని తృప్తి పడ్డాడు. నేనూ అదే చేశాను, ఎనిమిది గంటలకు. వనితక్క రాత్రంతా అదే చేసింది. నాలుకకు అలవాటైన మాటలు మెదడు మూతపడుతున్నా చాలాసేపు వస్తూనే ఉంటాయి. అందుకే జాబితాలో పేరు అడగమని ఉంది. చదివేది వినమని లేదు.

పది గంటల గడిలో కళ్లకు రెండు, మాటకు మూడు, కదలికకు ఐదు అని రాశాను. పది. రెప్పలెత్తి టార్చి వేశాను. ఎడమ కనుపాప ముడుచుకుంది. కుడి కనుపాప దానికంటే పెద్దదిగా ఉంది. వెలుగు పడ్డాక కాస్త ఆలోచించుకుని ముడుచుకున్నట్టు కదిలింది.

వనితక్కను మాత్ర పోయవద్దని, సార్‌ను పిలవమని చెప్పాను. ఆమెను నేను ఆజ్ఞాపించినట్టు మాట్లాడడం అదే మొదటిసారి. ఆమె మాత్ర ట్రేలో పెట్టి పరుగెత్తింది.

శివకుమార్ సార్ ఓపీలో పేషెంట్లను వదిలి వచ్చారు. పడక తలవైపు ఇంకొంచెం ఎత్తించారు, మెడ నిటారుగా సర్దించారు, ఆక్సిజన్ పెట్టించారు. వేలిమీద చుక్క తీసి షుగర్ చూశాను, నూట ఇరవై నాలుగు. మెదడు వాపు లాగేసే మందు వంద మిల్లీ సీసా సూదిలో ధారగా వదిలాం. అయినా పది ఇరవైకి కుడి కనుపాప వెలుగుకు కదలడం మానేసింది. సార్ కడపలో మెదడు ఆపరేషన్లు చేసే సర్జన్‌కు ఫోన్ చేసి, చేతులు ఖాళీ లేక స్పీకర్‌లో పెట్టి మంచం మీద ఉంచారు.

సర్జన్ గొంతు అలసిపోయి ఉంది. ఉన్నది ఒక్క థియేటర్, వేరే కేసు బల్ల ఎక్కడానికి సిద్ధంగా ఉంది అన్నారు. రాత్రంతా చార్టులో ఎంత ఉందని అడిగారు. సార్ చార్టు చూసి పదిహేను అన్నారు. ఎనిమిదికి కూడా పదిహేనా అని సర్జన్ అడిగారు. సార్ అవునన్నారు.

"అయితే రెండు గంటల్లో పదిహేను నుంచి పదికి ఎట్ల పడుతుంది? ఫిట్స్ వచ్చిందేమో. ఫిట్స్ తర్వాత మత్తు అట్లనే ఉంటుంది, చెయ్యి గూడా పడిపోతుంది. ముందు అక్కడ ఇంకొక స్కాన్ తీసి పంపండి, చూసి చెప్తాను. మధ్యలో ఈ కేసు చేసేస్తాను."

స్కాన్ సెంటర్ ఊరికి అటు చివర. తీసుకుపోయి, వరసలో ఉండి, తీసి, పంపి, ఆయన చూసే సరికి ఎంత లేదన్నా గంటన్నర. ఆ లోపల థియేటర్ తలుపు మూసుకుంటుంది. రామకృష్ణయ్యకు గంటన్నర లేదు. అది టార్చి పట్టుకున్న నాకు తెలుసు, సార్‌కు తెలుసు. కడపలో ఉన్న మనిషికి మాత్రం మేము రాసిన కాగితమే తెలుసు.

ఫిట్స్ ఎవరూ చూడలేదని సార్ చెప్పారు. చివరిసారి ఆయన బాగున్నట్టు ఎవరు చూశారు, ఎన్ని గంటలకు, అది చెప్పండి అని సర్జన్ అడిగారు. ఒక్కసారిగా పడ్డాడా, మెట్టుమెట్టుగా దిగాడా, దాన్నిబట్టి ఉంటుంది అన్నారు.

నేను చార్టు చూశాను. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు. ఆరు గడులూ ఒకే వాలుతో, ఒకే ఒత్తిడితో, ఒక్కసారి కూర్చుని రాసినట్టు ఉన్నాయి. ఉన్నాయి ఏమిటి, అలా రాసినవే. చూసింది చూసినప్పుడే రాయాలని ఉద్యోగంలో చేరిన మొదటి వారం నాకు చెప్పింది వనితక్క. ఇరవై రెండేళ్ల సర్వీసు ఆమెది. సూదికి నరం దొరకని ముసలివాళ్లకు, పసిబిడ్డలకు ఆమెను పిలిచేవాళ్లు. పద్దెనిమిది మంచాల రాత్రి ఎలా ఉంటుందో నాకూ తెలుసు. మా దగ్గర తెల్లవారాక గడులు నింపడం ఎవరూ కొత్తగా కనిపెట్టింది కాదు.

శేషమ్మ చెప్పింది చెబితే చాలని ఒక క్షణం అనుకున్నాను. చాలదు. కాగితం మీద ఒక నర్సు సంతకంతో పదిహేను అని ఉండగా, ఒక భార్య చెప్పే తిథి ఎవరు వింటారు? నా ఎనిమిది గంటల గడి తప్పని నేను చెప్పగలను. అంతకు ముందు ఆరు గడుల గురించి నేను చెబితే అది ఆమెను పట్టివ్వడం. చెప్పకపోతే మంచం మీది మనిషిని పట్టివ్వడం. నోరు తెరిచాను.

"ఎనిమిది గంటలది నేను తప్పు రాసినాను సార్," అన్నాను. "మాటలు వినపడితే ఐదు వేసినాను. ప్రశ్న అడగలేదు."

శివకుమార్ సార్ నన్ను చూశారు. అప్పుడు వనితక్క సీసా పట్టుకున్న చెయ్యి మార్చుకుని, వంగి, మంచం మీది ఫోను చేతికి తీసుకుంది.

"సార్, రాత్రి డ్యూటీ నాది. వనిత," అంది. "రెండు నుంచి ఏడు దాకా గడులు నేను చూసి రాసినవి కాదు. దూరం నుంచి ఆయన మంత్రం వినపడితే బాగుండాడని తెల్లారి రాసినా. టార్చి ఒక్కసారే ఏసినా, ఆరు గంటలకు. బీపీ మాత్రం నిజం సార్. ఆరింటికి నూట యాభై ఆరు, నాడి అరవై ఆరు. తొమ్మిదికి నూట డెబ్బై రెండు, యాభై ఎనిమిది. ఇప్పుడు నూట ఎనభై నాలుగు, యాభై రెండు. ఆయన భార్య అజా టైముకే తప్పు మాట్లాడుతాండాడని చూసింది. ఎడమ చెయ్యి గూడా అప్పటి నుంచే. అయిదు గంటల నుంచి దిగుతాండాడు సార్. ఫిట్స్ గాదు."

సర్జన్ ఆ అంకెలు ఒకసారి మళ్లీ చెప్పమన్నారు. ఆమె చెప్పింది. తడబడలేదు.

"స్కాన్ వద్దు," అన్నారు. "బయల్దేరండి. ఈ కేసును ఆపుతాను. దారిలో ఊపిరి ఆగొచ్చు, చేత్తో ఊపిరి కొట్టే బ్యాగ్ పట్టే మనిషి కావాల."

తర్వాత పావుగంటలో ఏం జరిగిందో నాకు ముక్కలుగానే గుర్తుంది. స్ట్రెచర్ లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా దించాం, తల ఎత్తు తగ్గకుండా. భానుప్రకాష్ తలవైపు పట్టుకున్నాడు. ఆయన చేతిలో ఇందాకటి డిశ్చార్జి దరఖాస్తు నలిగి ఉంది. దాన్ని ఎక్కడ పడేయాలో తెలియనట్టు పట్టుకునే దిగాడు. కింద మా మేనేజర్ ఎదురొచ్చాడు. అప్పటికే ఎవరో చెప్పినట్టున్నారు. పేషెంటు పోవచ్చు, చార్టు మాత్రం ఆఫీసులో ఉండాలి అన్నాడు. కాపీ తీసి తర్వాత పంపుతామన్నాడు.

వనితక్క చార్టును దిండు కవరులో పెట్టి స్ట్రెచర్ మీద రామకృష్ణయ్య కాళ్ల దగ్గర దుప్పటి కింద దోపింది. "ఇది ఆయన ఒంటి లెక్క సార్. ఆయనతోనే పోతుంది," అంది. మేనేజర్ ఆమె పేరు పెట్టి గట్టిగా పిలిచాడు. ఆమె అటు తిరగలేదు. నన్ను అంబులెన్స్ ఎక్కమని, బ్యాగ్ పట్టడం నీకు బాగా వచ్చు, ముక్కు మీద మాస్కు జారనీవద్దు అని చెప్పింది.

శేషమ్మ ముందుసీటు వద్దంది. ఆయన ఎడమచెయ్యి దగ్గర కింద కూర్చుంది. ఆ చేతిని తీసి ఆయన కుడితొడ మీద వెల్లకిలా పెట్టి పట్టుకుంది. తడుముతున్న కుడిచెయ్యి దానిమీదికి వచ్చి ఆగింది. ఆయన పెదాలు ఇప్పుడు కదలడం లేదు.

ఎర్రగుంట్ల రోడ్డు ఎక్కాం. కమలాపురం మీదుగా కడపకు గంట పైన. ఊపిరి లోతుగా, గబగబా వచ్చింది. తర్వాత చిన్నదవుతూ, ఇంకా చిన్నదవుతూ వచ్చి, నిలిచిపోయింది. నేను వాచీ చూస్తూ లెక్కపెట్టాను. భానుప్రకాష్ నా ముఖంలోకి చూశాడు. ఈసారి ఆయన దానికి ఏ పేరూ పెట్టలేదు. పది. పదిహేను. మాస్కు బిగించి బ్యాగ్ మీద చెయ్యి వేశాను. ఇరవై. డ్రైవర్ ముందు లారీ ఉందని అరిచి బ్రేకు తొక్కాడు. ఇరవై రెండు.

ఇక్కడ మిమ్మల్ని ఒకటి అడగాలి. ఈ కథలో వచ్చే వారం నుంచి వనిత పేరు చాలామంది ఎత్తుతారు. విచారణ కాగితం మీద ఎత్తుతారు, పేపర్లో ఎత్తుతారు, రామకృష్ణయ్య ఇంటివాళ్లు కూడా ఎత్తుతారు. రాత్రి ఆరు గడులు చూడకుండా నింపిన నర్సు అంటారు. అది నిజం, నేను కాదనను. ఆమె ఇరవై రెండేళ్ల గురించి ఆ రోజుల్లో ఎవరూ మాట్లాడరు. అప్పుడు మీరైనా, అడగకుండానే ఫోను అందుకుని అంకెలు తప్పకుండా చెప్పిన వనితను గుర్తుపెట్టుకోండి.